పాపం, మా పెదమావ

పోయిన నెల పలాసలో గిన్నెల కొట్టుకు వెళ్ళాం. మా ఆవిడ స్నేహితురాలి గృహప్రవేశానికి కంచు వస్తువేదైనా ఇవ్వాలని ఆవిడ పట్టుదల. కొట్టాయన ఒక కంచం తీసి, అసలైన కంచు అని రుజువు చెయ్యడానికి వేళ్ళ కణుపులతో టంగుమని కొట్టాడు. ఆ మోత ఆగకముందే నా నోట్లోంచి "పాపం!" అని వచ్చేసింది.

కొట్టాయన బిత్తరపోయి కంచం వెనక్కి తీసుకున్నాడు. "ఏం సార్, బాలేదా?" అన్నాడు. మా ఆవిడ ముందు పకపకా నవ్వి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆయనకు నేనేం చెప్పను? కంచం మోగితే పాపం అనడం మా ఇంట్లో అలవాటనీ, ఆ అలవాటు చేసిన మనిషి పోయి ఏడాది దాటిందనీ చెబితే మటుకు ఆయనకేం అర్థమవుతుంది? కంచం కొనకుండానే వచ్చేశాం.

ఆ పోయిన మనిషి మా ఆవిడకు పెదనాన్న, నాకు పెదమావ. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే మా ఆవిడను పెంచి పెద్దచేసి నాకిచ్చింది ఆయనే. కవిటి దగ్గర ఊరు. ఇంటి చుట్టూ కొబ్బరి, ఊరి అవతల జీడితోట. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. భుజం మీద తువ్వాలు, చెవి వెనక సగం కాల్చిన చుట్ట. మనిషిని ఇంతకంటే వర్ణించడానికి లేదు. ఆయన్ని గుర్తుపెట్టుకోవాల్సింది ఆ ఒక్క మాటతో.

నేను టెక్కలిలో తెలుగు మేస్టార్ని. 'కృతజ్ఞత' అనే మాటను తొమ్మిదో తరగతి పిల్లలకు ఒత్తులు తప్పకుండా రాయించడానికి ఏటా ఒక వారం పడుతుంది. అంత కష్టపడి నేర్పిన మాటను బడి గేటు దాటాక ఎవరి నోటా నేను వినలేదు. మా పెదమావ ఆ మాటకు బదులు 'పాపం' అనేవాడు. టీ తాగుతూ "పాపం ఆవు" అనేవాడు. ఫ్యాను తిరిగితే "పాపం కరెంటు, ఏ ఊర్నుంచి బయల్దేరి ఒచ్చినాదో" అనేవాడు. బస్సు వేళకొస్తే "పాపం డైవరు, బువ్వ తిన్నాడో లేదో" అనేవాడు. పెళ్ళిచూపుల్లో నన్ను కిందనుంచి పైదాకా చూసి "పాపం కుర్రోడు" అన్నాడు. అది ఏ అర్థంలో అన్నాడో నాకు ఈ రోజుకీ తేలలేదు.

లాక్‌డౌన్ ముందు శనివారం మేమిద్దరం ఆ ఊరు వెళ్ళాం. ఒక్క పూట ఉండి రావాలని రెండు చొక్కాలు పట్టుకెళ్ళాను. తెల్లారితే ఆదివారం, బస్సుల్లేవు. ఆ తర్వాత దేశమే ఆగిపోయింది. రెండు చొక్కాలతో అల్లుడు అత్తారింట్లో చిక్కుకుపోయాడు. మొదటి మూడు రోజులు నాకు గుడ్డు లేని ముద్ద దిగకుండా చూసుకున్నారు. నాలుగో రోజు మా పెదత్త నా ముందు కొబ్బరికాయల రాశి పోయించి, పీచు ఒలిచే ఇనప పలుగు చూపించి, "బాబుకి పొద్దు పోతాది" అని మా ఆవిడతో చెప్పింది. అప్పటికింకా ఆవిడ నాతో నేరుగా మాట్లాడేది కాదు.

సరే, ఆ ఆదివారం సంగతి చెప్పాలి. సాయంత్రం అయిదింటికి డాక్టర్లకు మర్యాదగా ఎవరి గుమ్మంలో వాళ్ళు పళ్ళేలు మోగించాలని టీవీలో చెప్పారు కదా. ఊరు ఊరంతా అయిదింటికి గరిటెలు పట్టుకుని వాయించింది. నేనూ వాయించాను. పెదమావ మాత్రం జీడితోటలో ఉన్నాడు, టీవీ చూడలేదు. ఆ వైపు ఊళ్ళల్లో జనం ఒక్కసారిగా పళ్ళేలు కొట్టారంటే ఒకటే అర్థం, తోటల్లోకి ఎలుగుబంటి దిగిందని.

సందె పడినా ఆయన ఇంటికి రాలేదు. వెతుక్కుంటూ వెళితే ఒక జీడిచెట్టు మీద, రెండు కొమ్మలు పైన, తువ్వాలు నడుముకి బిగించుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎల్లిపోనాదా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఏంటి పెదమావా?"

"ఎలుగు."

"ఎలుగు లేదు, ఏం లేదు. డాక్టర్ల కోసం కొట్టారు."

"డాట్టర్లు తోటలోకొచ్చినారేటి?"

ఆయన్ని కిందికి దింపి, సంగతంతా చెప్పేసరికి ఇల్లు వచ్చింది. గుమ్మంలో ఆగిపోయి అన్నాడు: "పాపం, అందరూ కొట్టీసినారా? నానొక్కడ్నే ఉండిపోనాను కాదేటి అల్లుడూ?"

ఆ బెంగతో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు సరిగ్గా అయిదింటికి స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పెదత్త కంచు కంచం అటక మీంచి దించాడు. అది ఆవిడ ఇచ్ఛాపురం పుట్టింటి నుంచి పెళ్ళికి తెచ్చుకున్నది. స్టీలు పళ్ళెం రేకులాగ గోల చేస్తుందని ఆయనకు నచ్చలేదు. అరుగు మీద నిలబడి చెక్క గరిటెతో వాయించడం మొదలుపెట్టాడు. కంచు మోత రెండు వీధులు దాటి పోయింది. అయిదు నిమిషాల్లో కర్రలు, బరిసెలు, టార్చిలైట్లు, మిగిలిపోయిన దీపావళి టపాకాయలతో ఊరు ఊరంతా మా వాకిట్లో ఉంది. లాక్‌డౌన్ అన్న మాట ఎవరికీ గుర్తులేదు.

"ఎక్కడ మావా, ఎక్కడ?"

"ఏటెక్కడ?"

"ఎలుగు!"

"ఎలుగు నిన్నే రాలేదటరా. నిన్న మీరు డాట్టర్లకి కొట్టినారు, నాను సెట్టు మీదుండిపోనాను. నా వంతు ఈయేల కొడతన్నాను. మీరేల ఒచ్చినారు?"

తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. అక్కడితో ఆ కథ ముగిసేది. కానీ మంగళవారం ఉదయం పాలు పోసే ఆవిడ మూతికి గుడ్డ కట్టుకుని, దూరంగా నిలబడి పాలు పోసి వెళ్ళింది. పెదమావ చాలాసేపు చెంబు వైపు చూసి, "పాపం, అందరూ ఇంట్లో కూకుంటే ఈమె ఊరంతా తిరుగుతాది. ఈమెకెవులు కొట్టినారు?" అన్నాడు. సాయంత్రం అయిదింటికి మళ్ళీ కంచం మోగింది.

ఆ రోజు నుంచి తప్పలేదు. ఒక్కొక్క రోజు ఒక్కొక్కరికి. ముందు రెండు దెబ్బలు. తర్వాత గొంతు సవరించుకుని "పాపం!" అని, పేరు చెప్పి, ఎందుకో చెప్పేవాడు. ఆ ఎందుకో చెప్పడం ముఖ్యం. ఆ తర్వాత మూడు దెబ్బలు, అంతే. వెనకటి తుపాను గాలిలో స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి కొట్టాడు. ఇంటింటికీ పింఛను తెచ్చి చేతిలో పెట్టే పిల్లకు కొట్టాడు. కొత్తగా నాటిన కొబ్బరి మొక్కల పక్కనుంచి పోతూ కూడా వాటిని ముట్టుకోని మేకకు కొట్టాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర "ఈయేల ఎవులికి?" అని మమ్మల్ని అడిగేవాడు. ఒకరోజు నేను పంతులుతనం చూపిస్తూ, "ప్రపంచ శాస్త్రవేత్తలకు కొట్టండి పెదమావా" అన్నాను.

"ఆళ్ళని నువ్వు సూసినావేటి?"

"లేదు."

"సూసినోడి పేరు సెప్పు అల్లుడూ. సూడనోళ్ళకి టీవీ వోళ్ళు కొడతారు."

ఆ రోజుల్లో నేను చూస్తున్నది ఫోను ఒక్కటే. పొద్దున్న లేచింది మొదలు ఏ రాష్ట్రంలో ఎందరికి వచ్చింది, ఎందరు పోయారు అని గీకుతూ కూర్చునేవాణ్ణి. మూడుసార్లు జ్వరం వచ్చినట్టు అనిపించి, మా ఆవిడ చేత నుదురు పట్టి చూపించుకున్నాను. పెదమావ నా పక్కన కూర్చుని ఫోను తెరలోకి తొంగిచూసి, "పాపం ఫోను. ఇంత ఏడుపు మొయ్యడానికి అదెంతుందని" అన్నాడు. ఆ సాయంత్రం దానికే కొట్టాడు. నా ఫోనుకు ఊళ్ళో అంత మర్యాద జరిగాక, దాన్ని పట్టుకుని ఏడవడానికి నాకే సిగ్గేసింది.

ఒకరోజు చుట్టల కోసం కూడలి దాకా వెళ్ళి, కానిస్టేబుల్ చేతిలో లాఠీదెబ్బ తిని వచ్చాడు. మేం కంగారుపడ్డాం. ఆయన అరుగు మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని, అలాగే అయిదయ్యేదాకా ఆలోచించి, లేచి కంచం అందుకున్నాడు. "పాపం ఆ పోలీసోడు! ఎండలో పొద్దుట్నుంచీ నిలబడిపోనాడు. కొట్టినాడు గానీ ఎడం పక్క కొట్టినాడు. కుడి పక్క నాకు తుంటినొప్పని ఆడికెలగ తెలిసినాదో!"

వీధి వీధంతా నవ్వింది. అప్పటికి జనానికి ఇదొక కాలక్షేపం అయిపోయింది. అయిదయ్యేసరికి ఎవరి గుమ్మంలో వాళ్ళు, ఎవరి డాబా మీద వాళ్ళు సిద్ధంగా ఉండేవాళ్ళు. తమ పేరు వస్తుందేమోనని చూడటం కూడా మొదలైంది. ముఖ్యంగా మూల మీది కిరాణా కొట్టాయన. రోజూ నాలుగున్నరకు తల దువ్వుకుని, పౌడరు రాసుకుని కొట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పెదమావ మేకకు కొట్టిన రోజున ఆయన తట్టుకోలేకపోయాడు. స్టూలు లోపల పెట్టేసి రెండు రోజులు కొట్టే తెరవలేదు. మూడో రోజు కంచం మోగింది.

"పాపం కొట్టోడు! రెండ్రోజులు కొట్టు మూసీసినాడు. ఉప్పు లేక మా ఇంటిది సప్పటి కూర ఒండినాది. నా బీపీ తగ్గిపోనాది!"

కొట్టాయన నవ్వాలో ఏడవాలో తెలియక, స్టూలు మళ్ళీ బయటికి తెచ్చి దాని మీద నిలబడి దండం పెట్టాడు.

ఏప్రిల్ చివర్లో, జీడిపళ్ళు బాగా ముగ్గిన రోజుల్లో, నిజంగానే ఎలుగుబంటి వచ్చింది. ఆ సాయంత్రం మబ్బు కమ్మి ఊరు ముందే చీకటైపోయింది. చినుకులు పడుతున్నాయని జనం లోపలే ఉన్నారు. పెదమావ కంచం పట్టుకుని అరుగు మీదికి వెళ్ళేసరికి, వీధి చివర పనస తొక్కలు పారబోసిన చోట నల్లగా ఏదో కదిలింది. ఆయన శక్తికొద్దీ కంచం వాయిస్తూ "ఎలుగు! ఎలుగు!" అని అరిచాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఎదురింట్లోంచి ఎవరో, "బాగుంది మావా! రేపు నక్కకి కొట్టు!" అని అరిచారు. నేను లోపల కొబ్బరి ఒలుస్తూ, ఈ రోజు జంతువుల వరసలో ఎలుగు వచ్చింది కాబోలు అనుకున్నాను.

కాసేపటికి ఆయన లోపలికొచ్చి, చెంబెడు నీళ్ళు గడగడా తాగి కూలబడ్డాడు. "నాను కొట్టినంతసేపూ నిలబడి ఇన్నాది అల్లుడూ. ఆపీగానే ఎల్లిపోనాది" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. తెల్లారి బురదలో అడుగులు చూశాక ఊరంతా నమ్మింది. ఆ సాయంత్రం ఆయన ఎలుగుకే కొట్టాడు: "పాపం! మనుసులెవులూ రాలేదు. అది మాత్రం ఒచ్చి, పూర్తిగా ఇని, మర్యాదగా ఎల్లిపోనాది."

ఇంత జరుగుతున్నా ఇంట్లో ఒక మనిషి మొహం రోజురోజుకీ బిగుసుకుపోతున్న సంగతి మేమెవరం గమనించలేదు. మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే అన్నం రాలేదు. పెదత్త పెరట్లో నూతిగట్టు మీద చుట్ట కాల్చుకుంటూ కూర్చుని ఉంది. పెదమావ వెళ్ళి పిలిచాడు.

"ఏటే, బువ్వ ఎట్టవా?"

"మేకనడుగు, ఎడతాది."

"ఏటైనాది నీకు?"

"ఏటవ్వాల? కరెంటుకి కొట్టినావు. మేకకి కొట్టినావు. నిన్ను కొట్టిన పోలీసోడికి కొట్టినావు. ఎలుగుకి కూడా కొట్టీసినావు. నలభై రెండేళ్ళు ఒండి ఎట్టినాను. నా కంచంతో ఊరందరికీ కొట్టినావు గానీ నాకొక్క దెబ్బ కొట్టినావేటి?"

ఆయన వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఆ పూట మేం ముగ్గురం జీడిపళ్ళు తిన్నాం. అయిదుకు ఇంకా గంట ఉండగానే స్నానం చేసి వచ్చాడు. పంచె రెండుసార్లు సరిచేసి కట్టుకున్నాడు. ఎలుగు వచ్చిన రోజు కూడా అంత కంగారు నేను చూడలేదు.

అరుగు మీద నిలబడ్డాడు. రెండు దెబ్బలు. "పాపం..." అన్నాడు. ఆగిపోయాడు. మళ్ళీ రెండు దెబ్బలు. "పాపం మా..." మళ్ళీ ఆగిపోయాడు. ఆ తరం మగవాళ్ళు పెళ్ళాం పేరు పలకరు. నలభై రెండేళ్ళలో ఆయన నోట ఆ పేరు ఎవరూ వినలేదు.

"పేరు సెప్పు మావా!" డాబా మీంచి ఎవరో అరిచారు.

ఆయన నా వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి, "అల్లుడూ, నువ్వు సెప్పీ" అన్నాడు.

"నేనెలా చెప్తాను పెదమావా? మీరే చెప్పాలి."

కళ్ళు మూసుకున్నాడు. చన్నీళ్ళు నెత్తిన పోసుకోబోయేవాడిలా ఊపిరి బిగపట్టి ఒక్క అరుపులో పేరు చెప్పేశాడు. ఆ పేరు నేనిక్కడ రాస్తే మా పెదత్త నన్ను మళ్ళీ గడప తొక్కనివ్వదు. లోపల వంటింట్లో ఏదో గిన్నె దబ్బున పడింది. ఆయన ఎందుకో చెప్పడం మర్చిపోయి, మూడు దెబ్బలతో ఆపడం కూడా మర్చిపోయి, కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. చివరికి ఆవిడే కొంగు బిగించుకుని వచ్చి గరిటె లాక్కుంది. "సాల్లే. బీట తీసిపోతాది నా కంచం" అంది. మొహం మాత్రం అటు తిప్పుకుని ఉంది. ఆ సాయంత్రం మాకు గారెలు వండింది.

ఇలా నవ్వుకుంటూ రోజులు వెళ్ళిపోతుంటే, ఒక ఉదయం ఊళ్ళో నవ్వు ఆగిపోయింది. చెన్నైలో మేడలు కట్టే పనికి వెళ్ళిన ఆ ఊరి కుర్రాళ్ళు తొమ్మిదిమంది లారీల మీద కంచిలి దాకా వచ్చి, అక్కణ్ణుంచి నడిచి ఊరు చేరారు. అధికారులు వాళ్ళను ఊరి చివర బడిలో పద్నాలుగు రోజులు ఉండమన్నారు. అప్పటిదాకా జబ్బు అనేది టీవీలో ఉండేది. ఇప్పుడు బడిలో ఉంది. మధ్యాహ్నానికల్లా బడికి వెళ్ళే దారికి అడ్డంగా తాటిదుంగ పడింది, దాని మీద ముళ్ళకంప. వేసిన వాళ్ళల్లో ఆ కుర్రాళ్ళ చిన్నాన్నలూ బావలూ కూడా ఉన్నారు. వాళ్ళకి ఎవరు వండాలి, ఎవరు పట్టుకెళ్ళాలి అనే మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే, ముళ్ళకంప చూసి నాకు ప్రాణం కుదుటపడింది.

అయిదయ్యింది. పెదమావ అరుగు మీద నిలబడలేదు. కంచం చంకన పెట్టుకుని వీధిలోకి దిగాడు.

"ఏటికి ఎల్తన్నావు? ముసిలోడివి, నీకంటుకుంటే ఎవులు సూత్తారు?" అని పెదత్త అరిచింది. ఆయన వెనక్కి చూడలేదు. ఆవిడ నా వైపు తిరిగి, మొదటిసారి నేరుగా నాతో, "ఎనకాల ఎల్లు బాబూ" అంది. నేను ఆవిడ రవికగుడ్డతో కుట్టిన మాస్కు ముక్కుకు లాక్కుని వెనకాల వెళ్ళాను. కాళ్ళు వెళ్ళాయి, నేను వెళ్ళలేదు.

ముళ్ళకంప దగ్గర ఆగి ఆయన రెండు దెబ్బలు కొట్టాడు. బడి గోడ మీంచి తొమ్మిది తలకాయలు లేచాయి. జుట్టు పెరిగిపోయి, మూతికి గుడ్డలు కట్టుకుని, అందరూ ఒక్కలాగే ఉన్నారు.

"ఎవులెవులో తెలవట్లేదురా. ఒకలొకలూ పేరు సెప్పండి!"

మొదటివాడు సన్నగా పేరు చెప్పాడు.

"నువ్వేటిరా! నా మావిడికాయలు దొంగిలించినోడివి కాదేటి?" టంగ్! "పాపం, ఈడు పండినవే కోసినాడు. కొమ్మ ఇరవలేదు!"

గోడ మీద ఎవరో కిసుక్కుమన్నారు. రెండోవాడు పేరు చెప్పాడు. "నువ్వు తుపానుకి మా ఇంటి మీద పడిపోన కొబ్బరిసెట్టు కోసినావు." టంగ్! "పాపం, మూడు రోజులు కోసినాడు. అప్పుడీణ్ణి అందరం ముట్టుకున్నాం." మూడోవాడి పేరు విని చాలాసేపు ఆలోచించాడు. "నీ గురించి నాకేటీ గుర్తు రావట్లేదురా" అన్నాడు. వాడు దీనంగా, "నాను మీ ఇంటి పెళ్ళిలో వడ్డించినాను మావా" అన్నాడు. "ఔనౌను! పాపం, నాకు రెండుసార్లు లడ్డూ ఏసినాడు!" టంగ్!

ఇలా ఒక్కొక్కడూ. నా వెనక డాబాల మీద జనం చేరారు. ఆరోవాడి దగ్గర ఆయనకు ఒక పేరు బదులు ఇంకో పేరు వస్తే, డాబాల మీంచి నలుగురు ఒకేసారి సరిదిద్దారు. చివరివాడు పేరు చెప్పలేకపోయాడు. గోడకి తల ఆనించి ఏడుస్తున్నాడు. నాకు వెనకనుంచి ఒక ఆడగొంతు ఆ పేరు పెట్టి పిలిచింది, వాడి తల్లి. ఆవిడ ముళ్ళకంప దాకా వచ్చేసింది. ఎవరూ ఆపలేదు.

పెదమావ నా వైపు తిరిగి, "అల్లుడూ, నువ్వు మేస్టారివి కదా. ఓ మాట సెప్పు" అన్నాడు.

పదిహేనేళ్ళుగా తెలుగు చెబుతున్నవాణ్ణి. అందరూ చూస్తున్నారు. చివరికి "అన్నం తిన్నారా?" అన్నాను.

తొమ్మిది తలకాయలూ అడ్డంగా ఊగాయి.

ఆ తర్వాత సభ జరగలేదు. ఆడవాళ్ళు గబగబా ఇళ్ళల్లోకి పోయారు. ఇంకో గంటకు ముళ్ళకంప పక్కన కల్వర్టు మీద చోటు చాలక గిన్నెల మీద గిన్నెలు పెట్టారు. మర్నాటి నుంచి రెండు పూటలా ఆ గిన్నెలు మోసింది నేను. మొదటి రోజు ఊపిరి బిగపట్టి పెట్టి పరిగెత్తుకొచ్చేవాణ్ణి. మూడో రోజుకు దూరంగా కూర్చుని వాళ్ళతో చెన్నై కబుర్లు వినేవాణ్ణి. నాకు జ్వరం వచ్చినట్టు అనిపించడం ఎప్పుడు మానేసిందో గుర్తులేదు. పద్నాలుగు రోజులు గడిచాయి, ఎవరికీ ఏమీ కాలేదు. ముళ్ళకంప వేసిన వాళ్ళే వచ్చి, చేతులకి ముళ్ళు గుచ్చుకుంటుంటే అమ్మా అబ్బా అంటూ తీశారు.

మేం టెక్కలి తిరిగి వచ్చే ముందు రోజు సాయంత్రం నా వంతు వచ్చింది. "పాపం మా అల్లుడు! రెండు సొక్కాలతో రెండు నెలలున్నాడు. అత్తారి వంకాయ కూర నలభైసార్లు తిన్నాడు, ఒక్కపాలి కూడా బాగున్నాదని అబద్దమాడలేదు!" పెదత్త లోపల్నుంచి గరిటెతో వచ్చింది. మా ఇద్దరిలో ఎవరి కోసం వచ్చిందో తెలుసుకోవడానికి మేం ఆగలేదు.

తర్వాత లోకం మళ్ళీ మామూలైపోయింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన కాళ్ళు వాచాయి. మా వైపు ఇంటికొకరికి కిడ్నీ జబ్బు; కాళ్ళు వాచాయనగానే ఎవరూ ఎందుకని అడగరు, రక్తంలో క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. పలాస ఆసుపత్రిలో వారానికి రెండుసార్లు డయాలసిస్. ఒకరోజు బడి నుంచి తిన్నగా వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. చేతికి గొట్టాలు, పక్కన మిషను తిరుగుతోంది. "పాపం మిషను, నా నెత్తురంతా ఉతికి ఆరేత్తన్నాది" అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

"ఏటి, మొగం అలగెట్టినావు?"

"మీకు భయం వెయ్యదా పెదమావా?" అన్నాను. అడగకూడనిదే.

"ఎందుకెయ్యదు? నాకు మొదట్నుంచీ బయ్యమే అల్లుడూ. బయ్యం ఏసినప్పుడు తలకాయ నిండా నానొక్కడ్నే ఉంటాను, మసలడానికి సోటుండదు. ఇంకొకల పేరు తలుసుకుంటే ఆళ్ళు కూకోడానికి నాను కొంచెం పక్కకి జరగాల. ఆ మాత్రం జరిగితే ఊపిరాడతాది."

టైమయిందని నర్సు వచ్చి గొట్టాలు తియ్యడం మొదలుపెట్టింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్ల. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నట్టుంది, మొహం వాడిపోయి ఉంది.

"నీ పేరేటమ్మా?" అన్నాడు ఆయన.

"ఏంటి తాతా, వచ్చినప్పుడల్లా అడుగుతావు. ఎన్నిసార్లు చెప్పాలి? మర్చిపోతున్నావా?"

"మర్సిపోయి కాదమ్మా. నీ పేరు సెప్పినప్పుడు నువ్వు నవ్వుతావు. నీకు తెలవదు గానీ."

"నేనేం నవ్వను" అంది ఆ పిల్ల. మొహం బిగించుకుని, దూది పెట్టి గట్టిగా అదిమి పట్టుకుని, తన పేరు చెప్పింది. చివరి అక్షరం దగ్గర పెదవి అదిరింది. ఆపుకుందామని చూసింది, ఆగలేదు, దూది పట్టుకున్న చెయ్యి కదిలిపోయేంతగా నవ్వేసింది.

ఆయన నా వైపు తిరిగి కళ్ళెగరేశాడు. "సూసినావా?" అన్నాడు.